కోడలి సెంటర్ మీద లేచిన మాట

జూన్ 9, సోమవారం

నోరు మూసుకోమని కోడలు చెప్పింది. హర్షిణి సరిగ్గా ఆ మాటలతో అనలేదు. "మామా, సెంటర్ సంగతి బయట ఎవ్వల్తోటి మాట్లాడకుర్రి, మీకు దండం పెడ్త" అంది. రెంటికీ తేడా నాకు కనబడలేదు. ముప్పయి ఆరేళ్ళు బొగ్గు బాయిలో దిగాను. మేనేజర్లు కూడా నన్ను అంత మాట అనలేదు. ఒకడు అన్నాడు. వాడు తర్వాత కాసిపేటకు బదిలీ అయ్యాడు.

నోట్లో ఉన్నది ఎక్కడో ఒకచోట పడాలి కదా. అందుకని ఈ డైరీ. యూనియన్ వాళ్ళు కొత్త సంవత్సరానికి నా కొడుకు వీరేందర్‌కు ఇచ్చారు. ఇన్ని రోజులు నా ఇంటామె సారవ్వ దీన్ని చాయ్ గిన్నె కింద పెట్టుకుంది. అట్ట మీద గుండ్రటి మసి మచ్చ ఉంది. ఉంటే ఉండనీ. రాయడం నాకు యూనియన్ ఆఫీసు రాత్రి బడిలో వచ్చింది. తెలుగు బాగానే రాస్తాను. ఒత్తులు తప్పితే తప్పనీ, చూసేవాడెవడు.

సంగతి ఇది. మా ఇంటి మీది అంతస్తులో హర్షిణి కంప్యూటర్ సెంటర్ నడుపుతుంది. బెంగళూరులో పెద్ద కంపెనీ ఒకటి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఉంటే పిల్లలకు హైదరాబాదులో కొలువు దొరుకుతుంది. ఆ పరీక్షకు ఈమె చదివిస్తుంది. పరీక్ష కూడా మా మీది గదిలోనే జరుగుతుంది. రోడ్డుకు అవతలి పక్క మంథని పంతుళ్ళ పిల్లగాడు ఋషికేశ్ అదే కోర్సు, అదే సర్టిఫికెట్ పెట్టుకుని కూర్చున్నాడు. వాడి బోర్డు మా బోర్డు కంటే పెద్దది. "నూరు శాతం పాస్" అని రాయించాడు. మనం నూటపది రాయిద్దామన్నాను. హర్షిణి నవ్వింది. నేను నవ్వడానికి చెప్పలేదు.

ఇప్పుడు ఖనిలో, మా లక్ష్మీనగర్‌లో ఒక మాట లేచింది. హర్షిణి దగ్గర పరీక్ష ప్రశ్నలు ముందే ఉంటాయట. ఇచ్చుకున్నవాళ్ళకు అమ్ముతుందట. నిన్న పూలమ్మ వచ్చి తన బిడ్డను మాన్పిస్తానంది. "లేనిపోని కేసుల ఇరుక్కుంటదేమో అని భయమైతంది సారక్కా" అని గడపలోనే నిలబడి అంది. లోపలికి కూడా రాలేదు.

ఈ మాట పుట్టించింది ఎవరో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కరలేదు. మా కిటికీ తెరిస్తే కనబడతాడు.

జూన్ 10

పొద్దున ఆగయ్య హోటల్‌కు పోయాను. ఆగయ్య నాతోపాటు బాయిలో చేసినవాడే. నౌకరీ దిగిపోయాక చౌరస్తాలో చాయ్ హోటల్ పెట్టాడు. నన్ను బావ అని పిలుస్తాడు, చుట్టరికం ఏమీ లేదు. అక్కడ నా కుర్చీ నాదే. ఇంకొకరు కూర్చున్నా నన్ను చూసి లేస్తారు.

సెంటర్‌కు పిల్లల కోసం ఇంగ్లీషు పేపరు తెప్పిస్తుంది హర్షిణి. వాళ్ళు చూశాక నేను చంకలో పెట్టుకుని హోటల్‌కు పోతాను. రాత్రి టీవీలో విన్న వార్తలు పేపరు ముందు పట్టుకుని చెబుతాను. "రాజం బావా, ఇంగ్లీషుల ఏం రాసిండ్రు?" అని ఆగయ్య అడుగుతాడు. ఇంగ్లీషు చదువుతానని నేను ఎవరితోనూ అనలేదు. అడగనివాడికి రాదని చెప్పడం నా పని కాదు.

ఈ రోజు మాట్లాడలేదు. కోడలికి మాటిచ్చాను కాబట్టి. ఋషికేశ్ చాలా తెలివైనవాడని, రోజూ అక్కడే కూర్చునే గట్టయ్య అన్నప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను. వాడి తెలివి ఎవడికి కావాలి? పోయిన నెల కూడా ఈ గట్టయ్యే ఇదే పాట పాడితే అక్కడే నిలబడి చెప్పాను: "మా హర్షిణి దగ్గర పిల్లగాండ్లకు ఏం అడుగుతరో ముందే ఎరుక. కట్టలు కట్టలున్నయి ప్రశ్నలు. నేను చూసిన." దాంతో గట్టయ్య నోరు పడిపోయింది. చదివించడం అంటే అది. నేను బాయిలో గ్యాస్ పరీక్షకు పోయినప్పుడు ఏం అడుగుతారో కూలీ నుంచి దొర దాకా అందరికీ తెలుసు. దీపం చూపించి గ్యాస్ ఎంత ఉందో చెప్పమంటారు, పైకప్పు ఎట్లా తట్టాలో చూపించమంటారు. ఎన్నేళ్ళయినా అవే ప్రశ్నలు. ముందు తెలుసుకోకుండా పోయినవాడిని పిచ్చివాడనేవాళ్ళం. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ నా మంచం పైన గోడకు ఉంది.

ఋషికేశ్ దగ్గర అట్లాంటి కట్టలు లేవు, నాకు తెలుసు. అందుకే కడుపు మంట.

జూన్ 12

ఇంకో ఇద్దరు మానేశారు. మా మెట్లు దిగి, రోడ్డు దాటి, వాడి మెట్లు ఎక్కారు. ఆ మెట్లు ఎక్కేటప్పుడు ఒకడు వెనక్కి చూసి నాకు నమస్తే పెట్టాడు. పెట్టకపోయినా బాగుండేది.

జూన్ 15, ఆదివారం

ఇంట్లో లొల్లి. ఋషికేశ్ ఆ పరీక్ష మూడుసార్లు తప్పాడని నేను హోటల్లో అన్నానట. అన్నాను. అది పుకారు కాదు. వాడి మొహం చూస్తే నాకట్లా అనిపించింది. అనిపించింది చెప్పాను.

"మామా, అతను ఒక్కసారి గూడ తప్పలె. హైదరాబాద్ల ఇద్దరం ఒకే రూముల కూసొని రాసినం. నాకన్న ఎక్కువ మార్కులు అతనికే వచ్చినయి" అంది హర్షిణి.

"ఆ ముచ్చట మాత్రం బయట అనకు" అన్నాను.

గరిటె గిన్నెలో పడేసి పొయ్యి వైపు తిరిగింది. సారవ్వ పక్కనే ఉల్లిగడ్డ కోస్తూ, "ఆయనకు చెప్పుడు కన్నా ఆ గోడకు చెప్పు బిడ్డా, గోడ మళ్ళ ఒగలకు చెప్పది" అంది. నలభై నాలుగేళ్ళ కాపురం. ఒక్కసారి నా పక్క మాట్లాడలేదు ఈ మనిషి.

జూన్ 17

బాయి మీద పుకారు లేస్తే మేము ఏం చేసేవాళ్ళం? నోరు మూసుకుని కూర్చునేవాళ్ళమా? మొదటి షిఫ్టు దిగే ముందు యూనియన్ వాళ్ళు గేటు దగ్గర జీపు ఆపి మైకు పెట్టేవాళ్ళు. బోనస్ కోశారని ఒకసారి లేచింది. బాయి మూస్తున్నారని ఒకసారి లేచింది. గేట్ మీటింగ్‌లో ఉన్నది ఉన్నట్టు అరిచి చెబితే, సైరన్ మోగే లోపల పుకారు చచ్చేది. నేనే రెండుసార్లు మైకు పట్టుకున్నాను. నా గొంతుకు మైకు దండగ అనేవాళ్ళు.

ఈ పిల్లలకు ఆ తెలివి లేదు. ఫోన్లో మెసేజ్ పెడతారు, దాని కింద బొమ్మ పెడతారు, అయిపోయిందంటారు.

మైకు సెట్టు రఘుపతితో మాట్లాడాను. పెండ్లిళ్ళు లేవు, ఖాళీగానే ఉన్నాడు. "ఏం ఫంక్షన్ కాకా?" అన్నాడు. గేట్ మీటింగ్ అన్నాను. "ఏ గేటు?" అన్నాడు. ఋషికేశ్ గేటు అన్నాను. వాడు రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.

శుక్రవారం హర్షిణి పని మీద పెద్దపల్లి పోతోంది. వీరేందర్‌ది మొదటి షిఫ్టు. సారవ్వకు చెప్పాల్సిన పని లేదు.

జూన్ 20, శుక్రవారం

బ్రహ్మాండంగా జరిగింది.

పొద్దున తొమ్మిదింటికి ఋషికేశ్ సెంటర్ ముందు ఆటో ఆపించి, దాని మీద బాకా కట్టించి మొదలుపెట్టాను. ముందు నలుగురే ఉన్నారు. అన్నలారా అక్కలారా అని రెండుసార్లు అనేసరికి కూరగాయల బండ్లవాళ్ళు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, బ్యాంకు ముందర క్యూలో ఉన్నవాళ్ళు, అందరూ ఇటు తిరిగారు. పిల్లలు ఫోన్లు పైకి పట్టుకున్నారు. గేట్ మీటింగ్‌లో చేతులు లేపినట్టే ఉంది.

ఋషికేశ్ కిందికి దిగి వచ్చాడు. "కాకా, ఎండ బాగున్నది, లోపలికి రాండ్రి, కూసొని మాట్లాడుకుందాం" అన్నాడు. లోపలికి పిలిచి నోరు మూయించే దొరలను ఎంతమందిని చూశాను. మైకులోనే చెప్పాను, నేను బయటే మాట్లాడతానని. చప్పట్లు కొట్టారు.

ఏం మాట్లాడానో ఇక్కడ రాసిపెడతాను, రేపు వాడు మార్చి చెబుతాడు కాబట్టి.

"మా కోడలు ప్రశ్నలు అమ్ముకుంటందని మాట పుట్టించిండ్రు. ఎవలు పుట్టించిండ్రో ఆ బోర్డు కింద నిలవడ్డోన్ని అడుగుండ్రి. మా హర్షిణి దగ్గర ప్రశ్నలున్నయా? ఉన్నయి! నేను నా కండ్లతోటి చూసిన, కట్టలు కట్టలున్నయి, ఇంగ్లీషుల. అయితే ఏంది? పిల్లగాండ్లు చదువుకోనీకి ఇస్తంది. ఒక్కల దగ్గర ఒక్క పైస తీసుకున్నదని రుజువు చేస్తే ఇదే చౌరస్తల మీసం తీసేసుకుంట!"

చప్పట్లు. గట్టయ్య ఈల వేశాడు. ఋషికేశ్ తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. తప్పు చేసినవాడు అట్లాగే కూర్చుంటాడు.

గొంతు ఇంకా పోలేదు నాకు.

జూన్ 21

హర్షిణి ఫోన్ నా ముందు పెట్టి వంటింట్లోకి పోయింది. ఫోన్లో నేను. ఉన్నాయి అని అరుస్తున్నాను. అంతవరకే ఉంది. ముందుది లేదు, వెనకది లేదు. ఉన్నాయి, కట్టలు కట్టలున్నాయి. మళ్ళీ మొదటికి వస్తుంది. మళ్ళీ ఉన్నాయి.

మంచిర్యాల, కరీంనగర్ దాకా పోయిందట.

వీరేందర్ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా నా ముందు నిలబడ్డాడు. "బాపూ, బాయికాడ ఆ పుకారు అందరికి ముందే ఎరికుంటుండె, నువ్వు మైకుల కాదంటే సల్లారుతుండె. గీడ సగం మందికి అసలు తెల్వనే తెల్వకుండె. నువ్వే చెప్పినవ్."

కొడుకు తండ్రికి గేట్ మీటింగ్ నేర్పుతున్నాడు. ముందు బూట్లు విప్పమన్నాను. జవాబు దొరకలేదు అనుకుంటే అనుకోనీ.

జూన్ 23, సోమవారం

బెంగళూరు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. హర్షిణి తెలుగులో చెప్పింది, ఒక్కొక్క మాట ఆపి ఆపి.

వీడియో చూశారు. మా సెంటర్ ఆపేశారు. జూలైలో పిల్లలు రాయాల్సిన పరీక్ష ఆగింది. విచారణ చేస్తారు. ప్రశ్నలు బయటికి వచ్చిన మాట నిజమని తేలితే సెంటర్ పోతుంది. హర్షిణి సర్టిఫికెట్ కూడా రద్దు. మళ్ళీ ఆ పరీక్ష ఆమె జన్మలో రాయడానికి వీల్లేదు. ఎక్కడా చదివించడానికి వీల్లేదు.

"మరి ఆ కట్టలేంది?" అని అడిగాను.

"నేను సొంతంగ తయారుచేసిన ప్రశ్నలు మామా. పిల్లలు ప్రాక్టీసు చేసుకోనీకి. అసలు పరీక్షల ఏమొస్తదో నాకు గూడ తెల్వది. ఎవ్వలికి తెల్వది. ముందుగాల తెలిస్తే దొంగతనం కిందికే వస్తది."

ముందు తెలిస్తే దొంగతనమట. అదేం పరీక్ష? ఎవరికీ ఏం అడుగుతారో తెలియని పరీక్షకు ఎవడైనా ఎందుకు పోతాడు? అడిగాను. ఆమె కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మీది నుంచి పిల్లల చప్పుడు లేదు. ఈ ఇల్లు కట్టినప్పటి నుంచి ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

వీడియో బెంగళూరుకు పంపింది ఋషికేశ్. ఇంకెవడు పంపుతాడు. రేపు పోయి కడిగేస్తాను. మైకు లేకుండానే.

జూన్ 24

పోయాను. వాడి గది సగం ఖాళీ. కంప్యూటర్లకు గుడ్డలు కప్పి ఉన్నాయి. వాడు ఒక్కడే కూర్చుని టిఫిన్ డబ్బాలో పెరుగన్నం తింటున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. కూర్చోలేదు.

"వీడియో పంపినవ్ కదరా" అన్నాను.

"నేనెందుకు పంపుత కాకా? ఖనిల ప్రశ్నలు దొర్కుతయంటే నా దగ్గర చదివిన పిల్లల సర్టిఫికెట్ గూడ ఎవ్వలు నమ్మరు. నాకు గూడ నోటీసు వచ్చింది, జాగ్రత్త అని. మీ దగ్గర్నించి వచ్చిన ఇద్దరు మళ్ళ పోయిండ్రు. మా వాళ్ళు గూడ నలుగురు పోయిండ్రు. కరీంనగర్ల చేరుతరట."

"అయితే మాట పుట్టించింది ఎవలు?"

వాడు డబ్బా మూత పెట్టాడు. చెప్పాలా వద్దా అన్నట్టు చూశాడు.

"నాకైతే ఫస్టు ఆగయ్య కాక చెప్పిండు. చాయ్ తాగుతుంటే. 'హర్షిణి దగ్గర ప్రశ్నలు ముందే ఉంటయట, స్వయంగ మా రాజం బావనే చెప్పిండు' అని."

"నేనట్ల చెప్పలే."

"ఎట్ల చెప్పిండ్రు మరి?"

"పిల్లగాండ్లకు ఏం అడుగుతరో ముందే ఎరుక, కట్టలున్నయి అని..."

చెబుతూ ఉంటే నా చెవికే వినబడింది. వాడు నవ్వలేదు. నవ్వి ఉంటే ఒక్కటి ఇచ్చి వచ్చేవాడిని. అది కూడా లేకుండా చేశాడు. కుర్చీ ఇంకా అక్కడే ఉంది. కూర్చున్నాను.

"కాకా, మంచినీళ్ళు తాగుతరా?" అన్నాడు.

జూన్ 25

హోటల్‌కు పోలేదు. జ్వరమా అని సారవ్వ అడిగింది. ఔనన్నాను.

జూన్ 26

హర్షిణికి చెప్పాను. అన్నం తినేటప్పుడు, తల ఎత్తకుండా. ఆ మాట మొదట నా నోటి నుంచే పోయిందని.

"ఎరుకే మామా."

"ఎప్పటిసంది?"

"పూలమ్మక్క వచ్చిన్నాడే. ఎవలు చెప్పిండ్రు అని అడిగితె ఆమెనే చెప్పింది."

మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను. మజ్జిగ పోసింది. "చెప్తే మీరు ఆగయ్య కాకతోటి కొట్లాటకు పోతరని" అంది.

పోయేవాణ్ణే. అందులో అబద్ధమేమీ లేదు.

జూన్ 30

విచారణ ఎల్లుండి. కంప్యూటర్లో కనబడి మాట్లాడతారట. వీడియోలో ఉన్న మనిషి రావాలి. కోడలు పక్కన ఉండకూడదు. నా మాట ఇంగ్లీషులోకి చెప్పడానికి ఇంటివాళ్ళు కాని మనిషి కావాలి, ఈ పని తెలిసినవాడు కావాలి. ఖనిలో అట్లాంటివాడు ఎంతమంది ఉన్నారు? ఒక్కడే.

ఋషికేశ్ వస్తానన్నాడట. నన్ను ఒక్క మాట అడిగారా?

జూలై 2, బుధవారం

ముందు గదిలో కంప్యూటర్ పెట్టారు. హర్షిణి బయట నల్లా దగ్గర నిలబడింది, అంతకంటే దగ్గరికి రాకూడదట. సారవ్వ గడపలో కూర్చుంది. ఆమెను పొమ్మని ఎవరూ చెప్పలేదు, చెప్పినా పోదు. కంప్యూటర్లో ఒక మేడం. జుట్టు కత్తిరించుకుని ఉంది. ఋషికేశ్ నా పక్కన.

"వీడియోల మీ కండ్లతోటి ప్రశ్నలు చూసిన అన్నరు. ఏం చూసిండ్రు అని అడుగుతంది మేడం" అన్నాడు.

"కాగితాలు."

"అండ్ల ఏం రాసి ఉన్నదట?"

కళ్ళద్దాలు లేకుండా చూశాను, సరిగ్గా కనబడలేదు అని చెబుదామని రాత్రే అనుకున్నాను. అది పూర్తి అబద్ధం కూడా కాదు, నా కళ్ళద్దాలు ఎప్పుడూ సారవ్వ బియ్యం డబ్బా మీదే ఉంటాయి. నోరు తెరిచాను. కిటికీలోంచి హర్షిణి కనబడింది. నల్లా కట్టేసి ఉంది, అయినా బిందె కింద పెట్టి పట్టుకుని నిలబడింది.

చెప్పాను.

"నాకు ఇంగ్లీషు రాదు. ఒక్క అక్షరం రాదు. చంకల పేపర్ పెట్టుకొని తిరుగుత గని అండ్ల బొమ్మలు తప్ప నాకేం తెల్వది. ఆ కట్టలల్ల ఏమున్నదో నేను చదువలే, ఎవ్వల్ని అడుగలే. మా బాయి పరీక్షల లెక్కనే ఉంటదని నా అంతట నేనే అనుకున్న. అనుకున్నది ఊరంత చెప్పిన, మళ్ళ మైకుల చెప్పిన."

ఋషికేశ్ మేడంకు చెప్పాడు. చాలా పొట్టిగా చెప్పాడు.

"ఏందిరా, నేను గంత చెప్తే నువ్వు గింతె చెప్పినవ్?"

"మతలబు చెప్పిన కాకా."

"ఏం మతలబు?"

వాడు గొంతు తగ్గించాడు. "మీకు సరిగ్గ కనవడలేదని."

నేను దాచుకున్న అబద్ధమే, నన్ను అడగకుండా వాడు నా కోసం ఆడాడు. వాడి మీద కోపం రావాలి కదా, ఎటువైపు నుంచి రావాలో తెలియలేదు.

"నాకు మంచిగ కనవడ్డది. చదువ రాలే. గట్ల చెప్పు."

"కాకా, అవసరం లేదు..."

"చెప్పు బిడ్డా. నా నోటికి అడ్డం పెట్టినోడు లేడు అప్పుడు. ఇప్పుడు నువ్వే మైకువు. చెప్పు."

చెప్పాడు. ఈసారి పొడుగ్గా చెప్పాడు. మేడం రాసుకుంది. తర్వాత కంప్యూటర్లో రెండు కాగితాలు పక్కపక్కన చూపించింది. ఒకటి హర్షిణి ప్రశ్నల కాగితమట, ఒకటి కాదట. నేను చూసింది ఏదో వేలు పెట్టి చూపించమంది.

నాకు రెండూ ఒక్కటే. చీమలు పాకినట్టు నల్లగా, ఒక్కటే. పోనీ అని ఎడమదాని మీద వేలు పెట్టాను. దానికి గీతలు ఎక్కువ ఉన్నాయి, గీతలు ఉన్నది పరీక్షదే అయి ఉంటుందని.

అది బట్టలుతికే మిషన్ ఎట్లా వాడాలో రాసిన కాగితమట.

ఎవరూ నవ్వలేదు. మేడం కూడా నవ్వలేదు. ప్రతి మాటకు నవ్వే సారవ్వ గడపలో తల వంచుకుని కొంగు అంచు సరిచేసుకుంది. ఆమె నవ్వి ఉంటే బాగుండేది. నేను ఒక మాట తిట్టేవాణ్ణి, ఇల్లు ఎప్పటిలాగే ఉండేది.

కంప్యూటర్ మూసేశాక ఋషికేశ్ నా చెప్పులు దగ్గరికి జరిపాడు. నా చెప్పులు నాకు కనబడవా?

జూలై 4

మెయిల్ రాలేదు.

జూలై 5

రాలేదు. హర్షిణి ఫోన్ చప్పుడు చేస్తే నేనే ముందు లేస్తున్నాను. మూడుసార్లు లేచాను. ఒకటి గ్యాస్ సిలిండర్ వాడు. మిగతా రెండు ఎవరో లోన్ కావాలా అని.

జూలై 8, మంగళవారం

వచ్చింది. సెంటర్ మీద ఏమీ లేదని తేలింది. ఆగిన పరీక్ష ఈ నెలలోనే పెట్టుకోవచ్చు. హర్షిణి సర్టిఫికెట్ ఉంది. చదువుతూ చదువుతూ ఆమె కూర్చున్నది కూర్చున్నట్టే ఏడ్చింది. సారవ్వ ఆమె తల మీద చెయ్యి పెట్టి, నా వైపు చూసి, "మరి సార్ పాసైండా ఫెయిలైండా?" అంది. ఇల్లు మళ్ళీ ఇల్లులాగా అయింది.

కింద ఇంకో మాట ఉంది. సెంటర్‌తో సంబంధం లేని మనుషులు మీదికి ఎక్కకూడదట. ముఖ్యంగా వీడియోలో ఉన్న మనిషి.

నా ఇల్లు. నా మెట్లు. సిమెంటు నేను కలిపాను.

సరే. ఎక్కను.

జూలై 9

పిల్లలు తిరిగి వచ్చారు. అందరూ కాదు. పూలమ్మ బిడ్డ వచ్చింది. నన్ను చూసి, "తాతా, పేపరు" అని ఇంగ్లీషు పేపరు చేతికి ఇచ్చింది, ఎప్పటిలాగే. దానికి ఎవరూ చెప్పలేదా, చెప్పినా ఇచ్చిందా, తెలియలేదు. తీసుకుని మడతపెట్టి సారవ్వకు ఇచ్చాను. వంటింటి అరల్లో పరుచుకుంది.

సాయంత్రం ఋషికేశ్ వచ్చాడు. హర్షిణి, వాడు మీది గదిలో చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాను. మెట్టు మీద కూర్చోకూడదని మెయిల్‌లో లేదు. చెవులైతే మూసుకోలేదు.

జూలై 10, గురువారం

ఆగయ్య హోటల్‌కు పోయాను. ఇన్ని రోజుల తర్వాత. నా కుర్చీలో గట్టయ్య కూర్చుని ఉన్నాడు. లేచాడు, కానీ కొంచెం ఆలస్యంగా లేచాడు.

"ఏం రాజం బావా, ఇయ్యాల చంకల పేపర్ లేదు?" అన్నాడు ఆగయ్య. అందరూ చాయ్ గ్లాసుల్లోకి చూశారు. అంటే ఆ మాట కూడా పోయింది. మొన్నటిది బెంగళూరు చేరడానికి మైకు కావాల్సి వచ్చింది. దీనికి ఏమీ అక్కరలేకపోయింది. నిజమైంది కాబట్టి తేలిగ్గా నడిచినట్టుంది.

"ఇంగ్లీషు చదువ రాదు. అందుకే తేలే" అన్నాను. "ఆ తెలుగు పేపర్ ఇటియ్యి."

ఇచ్చాడు. ఆగయ్యకు నవ్వాలో వద్దో తెలియలేదు. వాడి మొహం చూసి నాకు కొంచెం బాగనిపించింది. మొదటి పేజీ పైనున్న పెద్ద అక్షరాలు గట్టిగా చదివాను, కళ్ళద్దాలు లేకుండానే, అక్షరం అక్షరం. మెల్లగా వచ్చింది, కానీ వచ్చింది.

సగం చాయ్ తాగేసరికి ఆగయ్య కుర్చీ నా దగ్గరికి జరిపాడు. గొంతు తగ్గించాడు. వాడు గొంతు తగ్గిస్తే చౌరస్తా మొత్తం వింటుంది.

"బావా, ఋషికేశ్ సెంటర్ ఎత్తేస్తుండట గదా? రాత్రి మీ ఇంటికి వచ్చిండట? ఏం సంగతి?"

అందరూ గ్లాసులు దించారు. గట్టయ్య అయితే కళ్ళు కూడా ఆర్పలేదు. గేట్ మీటింగ్ రోజు కూడా నన్ను ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు.

మెట్టు మీద కూర్చుని విన్నది మొత్తం ఉంది నా దగ్గర. ఎవరు ఏం అన్నారో, ఎవరి బోర్డు ఉంటుందో, ఎవరిది పోతుందో. ఈసారి అనుకున్నది కాదు, చెవులారా విన్నది. నోటి దాకా వచ్చింది.

"నాకు తెల్వది" అన్నాను.

ఆగయ్య నమ్మలేదు. "తెల్వకపోతే ఏమాయె బావా, ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

చాయ్ చల్లారిపోయి ఉంది. దాంతో కలిపి మింగేశాను.

నోట్లో ఉన్నది పడెయ్యడానికే ఈ డైరీ మొదలుపెట్టాను. ఇది మాత్రం ఇందులో కూడా రాయను.